నుదుటి రాత కాని విధి: ‘యుద్ధము–శాంతి’ నవలపై ఒక సమీక్ష

టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ గురించి మన దగ్గర వినిపించే మాటల్లో సగం దాని పరిమాణం గురించే ఉంటాయి. పుస్తకం పెద్దదన్న మాట నిజమే. నాలుగు సంపుటాలు, వాటి వెనుక రెండు భాగాల ఉపసంహారం, అన్నీ కలిపి 361 అధ్యాయాలు. అయితే ఈ నవలను కొనాలా వద్దా, కొంటే చివరిదాకా ఓపిక పట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న పాఠకుడికి పేజీల లెక్క కన్నా ముందు చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఈ నవల మొత్తం ఒక ప్రశ్న మీద నిలబడింది. 1812లో నెపోలియన్ సేనగా లక్షలాది మనుషులు పడమటి నుంచి తూర్పుకు నడిచి వెళ్లి, తమకు ఏ అపకారమూ చేయని వారిని చంపి, ఊళ్లు దోచుకుని, చివరకు తామూ మంచులో కూలిపోయారు. ఇది ఎవరి ఇష్టం వల్ల జరిగింది? చక్రవర్తి ఆజ్ఞ వల్లనా, సేనాపతి తెలివి వల్లనా, దైవ నిర్ణయం వల్లనా, లేక ఎవరి ఇష్టంతోనూ నిమిత్తం లేకుండా దానంతట అదే జరిగిపోయిందా? నవలలోని పెళ్లిళ్లు, విందులు, వేటలు, జూదాలు, చావులు అన్నీ ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్నకు తగులుకుంటూనే ఉంటాయి.

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన పాఠకుడికి విధి అన్న మాట చిన్ననాటి నుంచీ చెవిన పడుతూనే ఉంటుంది. పంట చేతికొచ్చే వేళ తుఫాను వస్తే రాసిపెట్టి ఉందంటాం. ఒడ్డున పడితే దేవుడు చూశాడంటాం. అందువల్లనే కాబోలు, ఈ నవల చదివిన మిత్రులు కొందరు “చివరికి టాల్‌స్టాయ్ కూడా మన తలరాత దగ్గరికే వచ్చాడు” అని కొంత గర్వంగానే తేల్చేశారు. నా ఉద్దేశంలో ఆ తీర్మానం ఈ పుస్తకానికి అన్యాయం చేస్తుంది. టాల్‌స్టాయ్ చెప్పే విధిని ఎవరూ ఎవరి నుదుటి మీదా ముందుగా రాయలేదు. పేరు లేని, లెక్కకు అందని చిన్న మనుషుల చిన్న చిన్న ఇష్టాలన్నీ కలిసి కట్టిన మూట అది. తలరాత సిద్ధాంతం మనిషిని ఊరడించి పక్కన కూర్చోబెడుతుంది. ఈ నవల ఊరడించదు సరికదా, నీ వాటా ఎంత అని అడుగుతుంది.

నవల పుట్టుక గురించి క్లుప్తంగా చెప్పుకోవాలి. 1865 నుంచి ‘రష్యన్ హెరాల్డ్’ పత్రికలో ‘1805’ అన్న పేరుతో కొంత భాగం వెలువడింది. పుస్తకం పూర్తిగా బయటికి వచ్చింది 1869లో. టాల్‌స్టాయ్ యుద్ధాన్ని పుస్తకాల్లో చదివి రాసినవాడు కాదు. క్రిమియా యుద్ధంలో సెవాస్తొపోల్ ముట్టడి జరిగినప్పుడు ఫిరంగి దళంలో అధికారిగా అక్కడే ఉన్నాడు. నవల రాస్తున్న రోజుల్లో, 1867లో, 1812 నాటి పెద్ద పోరు జరిగిన, మాస్కోకు పడమట ఉన్న బొరొదినో రణస్థలానికి స్వయంగా వెళ్లి ఆ నేలంతా తిరిగి చూశాడు. సైనికాధికారుల నివేదికలకూ, తుపాకి పొగలో నిలబడ్డవాడు చూసే దృశ్యానికీ పొంతన ఉండదన్న ఎరుక ఆయనకు అనుభవం మీద వచ్చింది. ఆయన తాత్విక వాదంతో ఏకీభవించని పాఠకుడు కూడా యుద్ధఘట్టాలను నమ్మేది అందుకే.

ప్రశ్న సూటిగా ముందుకు వచ్చేది మూడో సంపుటం మొదట్లో. 1812 జూన్‌లో పశ్చిమ ఐరోపా సేనలు రష్యా సరిహద్దు దాటాయని చెప్పి, చరిత్రకారులు చూపే కారణాలను టాల్‌స్టాయ్ ఒకదాని పక్కన ఒకటి పేరుస్తాడు. ఓల్డెన్‌బర్గ్ ప్రభువుకు జరిగిన అవమానం, నెపోలియన్ అధికార దాహం, రష్యా చక్రవర్తి అలెగ్జాండర్ పట్టుదల, రాయబారుల తప్పిదాలు, ఇవన్నీ కారణాలే, ఏ ఒక్కటీ చాలిన కారణం కాదు. ఫ్రెంచి సేనలో ఒక మామూలు కార్పొరల్ రెండోసారి కొలువులో చేరనని అంటే, అతన్ని చూసి మరొకడు, ఇంకొకడు, వెయ్యిమంది అలాగే అంటే, నెపోలియన్ సేన ఆ మేరకు తరిగిపోయేది, యుద్ధం జరిగేది కాదు. కనుక నెపోలియన్ ఇష్టం ఎంత కారణమో ఆ కార్పొరల్ ఇష్టం కూడా అంతే కారణమని ఆయన లెక్క. పండిన ఆపిల్ ఎందుకు రాలుతుందన్న ప్రసిద్ధమైన ప్రశ్న కూడా అక్కడిదే. భూమి లాగడం వల్లనా, తొడిమ ఎండడం వల్లనా, గాలి ఊపడం వల్లనా, కింద నిలబడ్డ పిల్లవాడు తినాలనుకోవడం వల్లనా?

ఈ కార్పొరల్ వాదం తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గురించి తెలిసినవారికి మరో రకంగా తగులుతుంది. డెల్టా అంచున ఉన్న ఆ ఊరిని ‘మిలిటరీ మాధవరం’ అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి యువకులు వెళ్లారు, నేటికీ ఇంటింటా సైన్యంలో పనిచేసినవారో చేస్తున్నవారో కనిపిస్తారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారి కోసం ఊళ్లో స్మారక స్తూపం ఉంది. ఆ స్తూపం ముందు నిలబడి టాల్‌స్టాయ్ వాదాన్ని గుర్తు చేసుకుంటే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. అక్కడి యువకుడు సైన్యంలో చేరడం అతని ఇష్టమా, ఊరి ఆనవాయితీయా, జీతమా, తండ్రి గౌరవమా? అన్నీ నిజమే. అతను స్వేచ్ఛగానే సంతకం చేశాడు, అయినా అతను పుట్టక ముందే ఆ ఊరి దారి బారకాసు వైపు తిరిగి ఉంది. టాల్‌స్టాయ్ రెండు మాటలూ ఒకేసారి అంటాడు. మనిషి తన కోసం తాను ఎరుకతో బతుకుతాడు, అదే సమయంలో తనకు తెలియకుండానే చరిత్రకు పనిముట్టు అవుతాడు. పదవి పెరిగే కొద్దీ ఈ రెండో సంకెల బిగుస్తుందనీ, రాజు చరిత్రకు బానిస అనీ ఆయన తీర్పు. మన పురాణ పాఠకుడికి ఇది తలకిందుల మాటగా తోస్తుంది, ఎందుకంటే మనం కర్తృత్వాన్ని రాజులకిచ్చి కర్మను ప్రజలకు మిగిల్చాం.

మహాభారతం తెలుగులోకి రావడం నన్నయ చేతుల మీదుగా రాజమహేంద్రవరంలో మొదలైంది కనుక, ఈ పోలిక తప్పించుకోదగింది కాదు. భారతంలో విధి అన్న మాటను అందరికన్నా ఎక్కువగా ఆశ్రయించేది ధృతరాష్ట్రుడు. కొడుకును వారించవలసిన ప్రతిసారీ దైవం బలీయమని నిట్టూర్చి ఊరుకుంటాడు. విదురుడు, సంజయుడు అతని మాటను అతనికే తిప్పి కొడతారు. అక్కడ విధి తత్వం కాదు, సాకు. మరోవైపు గీతలో కృష్ణుడు వీళ్లందరినీ తాను ముందే చంపేశానని చెప్పి, ‘నిమిత్తమాత్రం భవ సవ్యసాచిన్’ అని అర్జునుణ్ణి ఉపకరణం కమ్మంటాడు, అదే గీత చివర ‘యథేచ్ఛసి తథా కురు’ అని నీ ఇష్టం వచ్చినట్టు చేయమంటాడు. ఈ రెండు వాక్యాలకూ మధ్య ఉన్న బిగువే టాల్‌స్టాయ్ నవలలోనూ ఉంది. తేడా ఎక్కడంటే, గీతలో ఉపకరణమయ్యేది మహావీరుడు, ఆ సంగతి అతనికి దేవుడే చెబుతాడు. ఈ నవలలో నెపోలియన్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పరు. బండిలో లోపల కట్టిన పట్టీలు పట్టుకుని బండిని తానే తోలుతున్నాననుకునే పసివాడిలా ఉన్నాడని రచయిత మనకు చెబుతాడు.

వాదం ఇలా ఉంటే, యుద్ధఘట్టాలు వాదాన్ని మించిపోయాయి. 1805లో ఆస్ట్రియాలో జరిగిన షోన్‌గ్రాబెర్న్ పోరులో రష్యన్ సేనాని బగ్రతియోన్ వెంట గుర్రం మీద తిరుగుతున్న యువ అధికారి ప్రిన్స్ ఆండ్రే, నవల ముఖ్యపాత్రల్లో ఒకడు, ఒక విచిత్రం గమనిస్తాడు. సేనాని నిజానికి ఆజ్ఞలేవీ ఇవ్వడం లేదు. జరుగుతున్న ప్రతిదానికీ తాను ముందే అనుకున్నదే జరుగుతున్నట్టు తల ఊపుతున్నాడు, అంతే. ఆ తల ఊపుతోనే అధికారుల కంగారు తగ్గుతోంది, సైనికులకు ధైర్యం వస్తోంది. అదే పోరులో తూషిన్ అనే బక్కపలచని ఫిరంగి కెప్టెన్, తనను కాపాడవలసిన దళం వెళ్లిపోయిన సంగతి కూడా తెలియకుండా, ఎవరి ఆజ్ఞా లేకుండా, తనకు మంచిదని తోచిన చోటికి ఫిరంగి గుండ్లు పేల్చి ఆ రోజు సేనను నిలబెడతాడు. సాయంత్రం పైఅధికారి ముందు దోషిలా నిలబడి నోరు పెగలక తడబడేది కూడా అతనే. ఇంత అన్యాయాన్ని ఇంత ప్రశాంతంగా రాసిన రచయితను నేను మరొకరిని చదవలేదు.

అదే ఏడు రష్యా, ఆస్ట్రియా సేనలు నెపోలియన్ చేతిలో ఓడిన ఆస్టర్లిట్జ్ పోరుకు ముందు రాత్రి యుద్ధమండలి సమావేశం మరో ఆణిముత్యం. ఆస్ట్రియా సేనాని వైరోథర్ ‘మొదటి దళం నడుస్తుంది, రెండో దళం నడుస్తుంది’ అంటూ జర్మన్‌లో పెద్ద ప్రణాళిక చదువుతూ ఉంటే, రష్యా ప్రధాన సేనాపతి కుతుజోవ్ కుర్చీలో నిద్రపోతాడు. నటన కాదు, నిజమైన నిద్ర. మరునాడు పొగమంచు ఆ ప్రణాళికనంతా మింగేస్తుంది. బొరొదినో దగ్గర నెపోలియన్ ఇచ్చిన ఆజ్ఞలను టాల్‌స్టాయ్ వరుసగా ఎత్తి చూపి, వాటిలో ఏ ఒక్కటీ అమలు కాలేదని, కాగలిగేవి కూడా కావని తేలుస్తాడు. ఆ రోజు నెపోలియన్‌కు జలుబు చేయడం వల్ల రష్యా బతికిపోయిందన్న చరిత్రకారులను ఆయన ఎగతాళి చేసిన తీరు నవ్వు పుట్టిస్తుంది. అదే నిజమైతే, ముందటి రోజుల్లో చక్రవర్తికి తడవని బూట్లు ఇవ్వడం మరచిన సేవకుడే రష్యాను రక్షించిన మహాపురుషుడు కావాలి. ఒక్క పగటిపూట ఇరువైపులా కలిపి సుమారు 70,000 మంది నేలకూలిన లేదా గాయపడిన పోరు అది. దాన్ని ఒక మనిషి ముక్కు దిబ్బడతో వివరించడం ఎంత అసహ్యమో ఆయన నవ్విస్తూనే చూపిస్తాడు.

కుతుజోవ్ పాత్ర దగ్గర నాకు టాల్‌స్టాయ్‌తో పేచీ ఉంది. ఓర్పు, కాలం అన్న ఇద్దరిని మించిన యోధులు లేరని నమ్మే ఈ ముసలి సేనాపతి జరిగేదాన్ని జరగనిచ్చేవాడనీ, తన ఇష్టాన్ని అడ్డం పెట్టనివాడనీ, అదే అతని గొప్పతనమనీ రచయిత పదేపదే చెబుతాడు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజున బ్యారేజీ మీది ఇంజనీరు చేసే పనిని గుర్తు చేసుకుంటే ఈ వాదంలోని లోపం తెలుస్తుంది. ఆయన వరదను తెప్పించలేదు, ఆపలేడు కూడా. 175 గేట్లూ ఎత్తి, వచ్చిన నీటిని వచ్చినట్టు సముద్రానికి వదులుతాడు. దూరం నుంచి చూసేవాడికి ఆయన ఏమీ చేయలేదనిపిస్తుంది. గేట్లు ఎప్పుడు ఎత్తాలి, లంక గ్రామాలకు ముందుగా ఎప్పుడు కబురు పంపాలి అన్న నిర్ణయాలు ఆయన చేతిలోనివే, వాటి మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. కుతుజోవ్ కూడా అలాంటివాడే. మాస్కో పక్కనున్న ఫీలీ గ్రామంలోని గుడిసెలో, సేనానులందరూ వాదించుకున్న తర్వాత, మాస్కోను వదిలి వెనక్కి తగ్గమని ఆజ్ఞ ఇచ్చింది ఆయనే. ఆ రాత్రి ఒంటరిగా కూర్చుని, మాస్కోను వదలక తప్పని స్థితి ఎప్పుడు వచ్చింది, దానికి ఎవరు బాధ్యులు అని తనను తాను నలిపేసుకునేది కూడా ఆయనే. పనిముట్టు మాత్రమే అయినవాడు ఇలా రాత్రిళ్లు మేలుకొని ఉండడు. సన్నివేశం రాసిన టాల్‌స్టాయ్‌కు ఈ సంగతి తెలుసు. వ్యాసం రాసిన టాల్‌స్టాయ్ ఒప్పుకోడు.

నెపోలియన్ విషయంలోనూ తూకం సరిగా లేదు. లావుపాటి తొడలు, అత్తరు పూసుకున్న ఒళ్లు, అద్దం ముందు అభినయం తప్ప ఆ పాత్రలో మరేమీ మిగలకుండా చేశాడు. బొరొదినోలో తన గార్డు దళాన్ని చివరిదాకా బరిలోకి దింపకపోవడం నెపోలియన్ తీసుకున్న నిజమైన నిర్ణయం. అది సరైనదో కాదో సైనిక చరిత్రకారులు నేటికీ వాదించుకుంటారు. అతను దింపలేకపోయాడే తప్ప దింపకూడదనుకోలేదన్న టాల్‌స్టాయ్ వాదన నాకు మొండివాదంగానే కనిపించింది. తన సిద్ధాంతానికి అడ్డొచ్చినప్పుడు ఈ మహారచయిత ప్రత్యర్థి నోరు మూయించే ప్లీడరులా మారిపోతాడు, అక్కడ పాఠకుడు కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

యుద్ధభూమికి దూరంగా, ఇళ్లలో జరిగే ఘట్టాలకు వస్తే విధి మరింత సన్నటి దారాలతో అల్లుకుంటుంది. దొలోహోవ్ అనే జూదరి అధికారితో పేకాటకు కూర్చున్న యువకుడు నికొలాయ్ రొస్తోవ్ 43,000 రూబుళ్లు ఓడిపోతాడు. సరిగ్గా ఆ అంకె ఎందుకంటే, దొలోహోవ్ తన వయసునూ, నికొలాయ్ మీది ప్రేమతో తనను కాదన్న సోన్యా వయసునూ కలిపి ఆ మొత్తం దగ్గర ఆట ఆపాలని ముందే నిశ్చయించుకున్నాడు. ఆడేవాడికి అది దురదృష్టం, ఆడించేవాడికి అది లెక్క. ఒకరి విధి అనిపించేది పక్కవాడి పగ కావచ్చునని ఇంత తేలికగా చూపించిన ఘట్టం మరొకటి లేదు. ఇక నవల ముఖ్యపాత్రల్లో మరొకడైన పియేర్ సంఖ్యాశాస్త్ర ప్రయోగం తెలుగు పాఠకుడు నవ్వకుండా చదవలేనిది. ఫ్రెంచి అక్షరాలకు అంకెలు కేటాయించి నెపోలియన్ పేరు కూడితే బైబిలులోని మృగసంఖ్య 666 వస్తుంది. అతన్ని అంతం చేయవలసినవాడు తానేనేమోనని పియేర్ తన పేరునూ రకరకాలుగా కూడి చూస్తాడు. ఎంతకీ కుదరక, చివరికి వ్యాకరణానికి విరుద్ధంగా ఒక ‘ఇ’ అక్షరం ఎగరగొట్టి 666 సాధిస్తాడు! పేరులో ఒక అక్షరం పెంచుకుని అదృష్టం కోసం ఎదురుచూసే మనవాళ్లు పియేర్‌ను చూసి నవ్వే ముందు కాస్త ఆలోచించుకోవాలి. ఆ లెక్క నమ్మి, నెపోలియన్‌ను చంపడానికి మాస్కోలోనే ఉండిపోయిన పియేర్, చంపవలసినవాణ్ణి చూడనైనా చూడడు. దారిలో మంటల్లో చిక్కిన ఒక పసిపిల్లను కాపాడతాడు, ఒక స్త్రీని దోచుకుంటున్న సైనికుడితో కలబడి పట్టుబడతాడు. విధి అనుకుని బయలుదేరిన పని జరగలేదు. అనుకోకుండా ఎదురైనప్పుడు చేతులు చాచి చేసిన పని మాత్రం మిగిలింది.

మాస్కో ఖాళీ అవుతున్నప్పుడు రొస్తోవ్ ఇంటి ముంగిట జరిగేది కూడా ఇలాంటిదే. సామాన్లు ఎక్కించిన బళ్లు బారులు తీరి ఉన్నాయి, ఊళ్లో గాయపడ్డ సైనికులను తీసుకువెళ్లడానికి బళ్లు లేవు. పిల్లల కట్నకానుకల కోసమైనా ఆ సామాన్లు వదలనంటుంది తల్లి. నికొలాయ్ చెల్లెలు నటాషా గాలివానలా వచ్చి ఇది నీచమని తల్లి మీద అరుస్తుంది, పనివాళ్లు ఎంతో సంబరంగా సామాన్లు దించి గాయపడ్డవారిని ఎక్కిస్తారు. ఆ బళ్ల వరుసలోనే, ఆమెకు తెలియకుండా, ఒకప్పుడు ఆమెతో పెళ్లి నిశ్చయమై తప్పిపోయిన, ఇప్పుడు గాయపడి చావుకు దగ్గరైన ఆండ్రే ప్రయాణిస్తున్నాడు. వాళ్లిద్దరి కలయికను రుణానుబంధం అనాలనిపిస్తుంది. నటాషా అరిచిన ఆ క్షణంలో రుణం లేదు, రాత లేదు. ఆమె మరోలా ఊరుకుని ఉండగలిగేది, ఊరుకోలేదు.

నవల మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించిన భాగం పియేర్ ఖైదు. నిప్పు పెట్టినవాడన్న అనుమానంతో ఫ్రెంచి సేనాని మార్షల్ దవూ ముందుకు అతన్ని తెస్తారు. దవూ కాగితాల్లోంచి తలెత్తి చూస్తాడు. ఇద్దరి చూపులూ కలిసిన కొన్ని క్షణాలలో, ఒకడు ఖైదీ, మరొకడు న్యాయాధికారి అన్నది పోయి, ఇద్దరూ మనుషులమన్నది మాత్రం మిగులుతుంది. ఇంతలో సహాయాధికారి వచ్చి ఏదో చెప్పగానే దవూ మరచిపోతాడు. ఖైదీని తీసుకుపొమ్మంటాడు, ఎక్కడికో పియేర్‌కు తెలియదు. కాల్చి చంపే చోట అతను వరుసలో ఆరోవాడు. అయిదుగురిని కాలుస్తారు. ఆరోవాణ్ణి కాల్చరు. తనను చంపమన్నదెవరు, బతకనిచ్చిందెవరు అని పియేర్ తనను తాను ప్రశ్నించుకుంటాడు, ఎవరూ కాదన్న జవాబు వస్తుంది. కాల్చినవాళ్ల ముఖాల్లో కూడా చంపబడేవాళ్ల ముఖాల్లో ఉన్న భయమే ఉంది. పరిస్థితుల కూర్పు ఒకటి ఆ పనంతా చేయించింది, దానిలో ఎవరి చేయి వెతికినా దొరకదు. ఆఫీసులో ఫైలు ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి పోతూ పోతూ ఎవరి బతుకునో తేల్చేయడం చూసినవారికి ఈ అధ్యాయం పాతబడదు.

ఆ వెంటనే ఖైదీల పాకలో ప్లతోన్ కరతాయెవ్ కనిపిస్తాడు. పక్క తోటలో కలప కొట్టి పట్టుబడి, దెబ్బలు తిని, శిక్షగా సైన్యంలోకి పంపబడిన రైతు. అది దుఃఖమనుకున్నాం, సంతోషమైందంటాడు, ఎందుకంటే అతను వెళ్లకపోతే అయిదుగురు పిల్లల తండ్రి అయిన తమ్ముడు సిపాయిగా వెళ్లవలసి వచ్చేది. మనిషి అదృష్టం వలలో నీళ్ల వంటిదనీ, లాగుతున్నంతసేపూ నిండుగా ఉండి బయటికి తీస్తే ఏమీ ఉండదనీ అతను చెప్పే సామెత అంతర్వేది, యానాం రేవుల్లో పుట్టిందా అనిపిస్తుంది. తలరాతను ఇంత హాయిగా ఒప్పుకున్న మనిషి ఈ నవలలో మరొకడు లేడు, పియేర్ అతని దగ్గర బతకడం నేర్చుకుంటాడు. అయితే రచయిత అక్కడ ఆగలేదు. వెనుదిరిగిన ఫ్రెంచి సేనతో నడవలేక కరతాయెవ్ ఒక చెట్టు కింద కూలబడినప్పుడు, దగ్గరికి రమ్మన్నట్టు పియేర్ వైపు చూస్తాడు. పియేర్ ఆ చూపు చూడనట్టు నటించి గబగబా ముందుకు పోతాడు. వెనక తుపాకి మోగుతుంది. ఈ చోట టాల్‌స్టాయ్ ఒక్క వ్యాఖ్య చేయడు. వెళ్లి ఉంటే కరతాయెవ్ బతికేవాడు కాదు, అది తప్పనిదే. వెళ్లకపోవడం మాత్రం పియేర్ చేసిన పని. తప్పనిదానికీ తప్పించుకున్నదానికీ మధ్య గీత ఎక్కడ పడుతుందో చూపడానికి ఆ అర పేజీ చాలు.

ఇవన్నీ చదివాక వచ్చే రెండో ఉపసంహారం, పాత్రలు లేని పన్నెండు అధ్యాయాల వ్యాసం, చాలామందిని నీరసపరుస్తుంది. టాల్‌స్టాయ్ పదేపదే అదే చెబుతూ తత్వం వల్లిస్తున్నాడని ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ రష్యన్ రచయిత తుర్గేనెవ్‌కు రాసిన ఉత్తరంలో విసుక్కున్నాడు. టాల్‌స్టాయ్‌కే అనుమానం వచ్చిందేమో, 1873 నాటి ముద్రణలో ఈ తాత్విక భాగాలను నవలలోంచి తీసి వెనుక అనుబంధంగా పెట్టాడు. తర్వాతి ముద్రణల్లో అవి మళ్లీ తమ చోటికి వచ్చాయి. వాదం సారాంశం ఇది. ఏ పనిలోనైనా స్వేచ్ఛ ఎంత, అనివార్యత ఎంత అన్నది మూడింటిని బట్టి మనకు కనిపిస్తుంది. ఆ మనిషికీ చుట్టూ ఉన్న లోకానికీ గల సంబంధం మనకెంత తెలుసు, ఆ పని జరిగి ఎంత కాలమైంది, దాని కారణాలు మనకెంత అందాయి. తెలిసిన కొద్దీ, కాలం గడిచిన కొద్దీ, స్వేచ్ఛ తగ్గి అనివార్యత పెరిగినట్టు కనిపిస్తుంది. భూమి కదలడం మన ఒంటికి తెలియకపోయినా ఖగోళశాస్త్రం చెప్పినది ఒప్పుకున్నట్టే, మనకు తెలియని పరాధీనతనూ ఒప్పుకోవాలని ముగిస్తాడు.

ఇందులో కాలం గురించిన మాట నిజమని మన తీరం ఎరుగును. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. నేడు చరిత్ర పుస్తకంలో అది ఒకటి రెండు వాక్యాలు. మార్చిలో రంగూన్ పడిపోయింది, జపాను నౌకలు బంగాళాఖాతంలోకి వచ్చాయి, కనుక బాంబులు పడ్డాయి. అంతా ఒకదాని వెనుక ఒకటి జరగవలసినట్టే జరిగినట్టుంటుంది. ఆ వేసవిలో కాకినాడలో ఇల్లు తాళం వేసి లోపలి పల్లెలకు బండి కట్టించాలా, ఉన్నచోటే ఉండాలా అని తేల్చుకోవలసి వచ్చిన కుటుంబ యజమానికి అలా అనిపించి ఉండదు. పొట్టకూటికి తరతరాలుగా బర్మా వెళ్లిన మన జిల్లాల వాళ్లలో రంగూన్ నుంచి అడవి దారిన కాలినడకన బయలుదేరినవారికి, ముసలివాళ్లను మోసుకుపోవాలా వదిలిపోవాలా అన్న చోట చరిత్ర నియమాలు తోడు రాలేదు. దూరం నుంచి చూస్తే అనివార్యత, దగ్గర నుంచి చూస్తే స్వేచ్ఛ అని టాల్‌స్టాయే అంటున్నాడు కదా. మరి నవల అన్న ప్రక్రియ చేసే పని దగ్గర నుంచి చూపించడమే. ఎనభై ఏళ్లకు పాతబడిన సంఘటననైనా, రెండు వందల ఏళ్ల నాటి దాన్నైనా, ఈ నిమిషంలో జరుగుతున్నంత దగ్గరికి తెచ్చి, నటాషా నోరు తెరిచే ముందు, పియేర్ తల తిప్పుకునే ముందు, ఆ ఒక్క క్షణం పాటు మనల్ని నిలబెడుతుంది. అంటే, స్వేచ్ఛ లేదని వాదించడానికి ఆయన ఎంచుకున్న సాధనమే స్వేచ్ఛకు సాక్ష్యం పలుకుతోంది. ఉపసంహారం ఓడిపోయిందని కాదు. ఆ వాదం లేకపోతే ఈ సన్నివేశాలకు ఇంత పదును వచ్చేది కాదని నా నమ్మకం.

ఇక కొనేవారి కోసం కొన్ని మాటలు. నేను చదివింది లూయిస్, ఎయిల్మర్ మాడ్ దంపతుల ఇంగ్లీషు అనువాదం. వాళ్లు టాల్‌స్టాయ్‌ను స్వయంగా ఎరిగినవారు. వాక్యం నిదానంగా, నిండుగా నడుస్తుంది. అయితే పాత ముద్రణల్లో ఆండ్రే ఆండ్రూ అవుతాడు, నికొలాయ్ నికొలస్ అవుతాడు. అదే అనువాదాన్ని ఎమీ మాండెల్కర్ సవరించగా 2010లో ఆక్స్‌ఫర్డ్ వారు తెచ్చిన ముద్రణలో రష్యన్ పేర్లు, మూలంలోని ఫ్రెంచి సంభాషణలు తిరిగి వచ్చాయి. ఇంగ్లీషు మీద అంత పట్టు లేనివారికి 2005లో వచ్చిన ఆంథొనీ బ్రిగ్స్ అనువాదం తేలిక. 2007లో వచ్చిన పెవియర్, వొలొఖోన్‌స్కీ అనువాదం ఫ్రెంచిని అలాగే ఉంచి కింద అర్థం ఇస్తుంది, ప్రతి పేజీలో కళ్లు కిందికీ పైకీ తిరగడం ఇష్టం లేనివారు దాని జోలికి పోకపోవడం మంచిది. ఏ ముద్రణ తీసుకున్నా, చవకగా దొరికే సన్న అక్షరాల ఒకే సంపుటం వద్దు. చేతికి బరువు, కంటికి శ్రమ, నడుమ విరిగితే కుట్టించడం కష్టం.

పేర్ల గందరగోళం మొదటి వంద పేజీల వరకే. కుటుంబాల వారీగా ఒక కాగితం మీద రాసుకుంటే చాలు, మన ఊళ్లలో ఇంటిపేర్లు, మారు పేర్లు, ముద్దు పేర్లు గుర్తుపెట్టుకునేవాళ్లకు అది పెద్ద పని కాదు. పియేర్ ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘంలో చేరే అధ్యాయాలు సాగదీసినట్టుంటాయి, వాటిని వేగంగా దాటినా నష్టం లేదు. రెండో ఉపసంహారాన్ని మాత్రం వదిలేయవద్దు. నవల ముగించిన ఊపులో కాకుండా, కొన్ని రోజులు ఆగి, మూడో సంపుటం మొదటి అధ్యాయాన్ని మళ్లీ ఒకసారి చదువుకుని, ఆ తర్వాత దాన్ని చేతిలోకి తీసుకోవాలి. యుద్ధ వ్యూహాల కోసం, సేనాపతుల ప్రతాపాల కోసం పుస్తకం వెతుకుతున్నవారికి ఇది నచ్చదు, వారు మామూలు సైనిక చరిత్ర ఏదైనా కొనుక్కోవడం మేలు.